దొరకలేదంటే లేదని కాదు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా నవంబరు 19న కృష్ణా జిల్లాలోని ఒక గ్రంథాలయంలో, పదవీ విరమణ చేసిన రిఫరెన్సు లైబ్రేరియన్ ఒకరు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీ మొహాలు కనపడితే నాకు మాట్లాడటం తేలిక.

ఈ రోజు నవంబరు 19. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా 14న మొదలై 20తో అయిపోతాయి. అందుకని మన జిల్లాలో ఈ వారం ఎప్పుడూ ఆ తేదీ మీదుగానే వెళ్తుంది. ఏ తేదీ అన్నది ఇక్కడున్న పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. సొర్లగొంది, పాలకాయతిప్ప, ఈ పేర్లు వింటే చాలు, ఇప్పటికీ గొంతు పట్టేసేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేనివాళ గ్రంథాలయంలో పరిశోధన ఎలా చేయాలో చెప్పడానికి వచ్చాను. ఆ ఉప్పెన దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఎందుకంటే నా ఉద్యోగంలో నన్ను అందరికన్నా ఎక్కువ తిప్పిన ప్రశ్న అక్కడే పుట్టింది.

ఒకసారి డిగ్రీ చదివే అమ్మాయి రిఫరెన్సు బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, తుఫాన్ల మీద పుస్తకాలున్నాయా?" అంది. ఉన్నాయమ్మా అని బీరువా చూపించి పంపేస్తే నా పని అయిపోయేది. ఆమె పని అయ్యేదా? కాదు. ఆ బీరువా ముందు గంట నిలబడి, రెండు పుస్తకాలు తిరగేసి, ఇంటికి వెళ్లిపోయేది. నేను అడిగాను: ఎందుకమ్మా? "ప్రాజెక్టు మేడం." ఏ తుఫాను? "డెబ్బై ఏడుది." డెబ్బై ఏడుదాన్లో నీకు ఏం తెలియాలి? అప్పుడు కాసేపు ఆగింది. ఆగి, "మా నాయనమ్మ అంటది మేడం, వాళ్ల తాతల కాలంలో ఇంకోటి వచ్చిందంట, అది ఇంతకన్నా పెద్దదంట. అది నిజమా, కాదా?" అంది.

చూశారా? "తుఫాన్ల మీద పుస్తకాలున్నాయా" అన్నది ప్రశ్న కాదు. "మా నాయనమ్మ చెప్పింది నిజమా" అన్నది ప్రశ్న. మొదటి మాటకీ చివరి మాటకీ ఎంత దూరం ఉందో చూడండి. రిఫరెన్సు సర్వీసు అంటే ఇదే. ఆ దూరం నడిపించే మనిషి ఒకరు బల్లకి అవతల కూర్చుని ఉండటం. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి అయిదు సూత్రాలు రాశారు కదా, అందులో నాలుగోది పాఠకుడి కాలం ఆదా చేయమంటుంది. పుస్తకం గబగబా తెచ్చిచ్చినంత మాత్రాన కాలం ఆదా కాదు. సరైన ప్రశ్న దాకా తీసుకెళ్తే అవుతుంది. అందుకని లైబ్రేరియన్ మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేస్తే విసుక్కోకండి. ఈవిడకి ఎందుకు ఇవన్నీ అనుకోకండి. చెప్పండి. మొత్తం చెప్పండి.

సరే, నాయనమ్మ మాట దగ్గరికి వద్దాం. వాళ్ల తాతల కాలం అంటే ఎప్పుడు? వేళ్ల మీద లెక్క వేసుకుంటే పందొమ్మిదో శతాబ్దం మధ్యకి వెళ్తాం. అప్పుడు ఈ తీరంలో ఏం జరిగిందో ఎవరు రాసి పెట్టారు? జిల్లా మాన్యువల్. బ్రిటిష్ కాలంలో ఒక్కో జిల్లాకి ఒక్కో మాన్యువల్ వేశారు. మనకి గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉంది, 1883లో అచ్చయింది. ఊళ్లు, కాలువలు, కరువులు, పన్నులు అన్నీ అందులో ఉంటాయి. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెన గురించి కూడా ఉంది. నాయనమ్మ మాట నిజమే. ఆ అమ్మాయి మొహం చూడాల్సింది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఆ మాన్యువల్ కోసం నేను ఇరవై రెండేళ్ల వయసులో ఒక పెద్ద గ్రంథాలయానికి వెళ్లాను. పేరు వద్దు. అప్పట్లో కంప్యూటర్లు లేవు, చెక్క సొరుగుల్లో కార్డులు. ప్రతి సొరుగులో కార్డుల అడుగున ఇత్తడి ఊచ ఒకటి, కార్డు బయటికి రాకుండా. మెకంజీ అన్న చోట చూస్తే అన్నీ కైఫీయత్తుల కార్డులే, అంటే ఊళ్ల పాత చరిత్రలు రాసినవి. కౌంటరు దగ్గర అడిగితే "లేదు" అన్నారు. మళ్లీ వెళ్లాను. "లేదు." మూడోసారి వెళ్లినప్పుడు అక్కడ అటెండరుగా ఉన్న ఒక పెద్దాయన సొరుగు మొత్తం బయటికి లాగి, నా ముందు పెట్టి, "అన్నీ చూడమ్మా, ఒక్కోటీ చూడు" అన్నాడు. చూశాను. కైఫీయత్తులు సేకరించిన కాలిన్ మెకంజీ కార్డుల మధ్యలో, కాలిన్ మెకంజీ పేరుతోనే, ఈ మాన్యువల్ కార్డు ఉంది. కార్డు రాసినవాళ్లు ఇద్దరు మెకంజీలనీ ఒకరే అనుకున్నారు. కాలిన్ మెకంజీ చనిపోయింది 1821లో. పుస్తకం వచ్చింది 1883లో. పోయిన మనిషి 62 ఏళ్ల తర్వాత పుస్తకం రాస్తాడా?

అంటే పుస్తకం ఉంది. బీరువాలో ఉంది. కార్డు కూడా ఉంది. అయినా రెండుసార్లు నాకు "లేదు" అనే జవాబొచ్చింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కంప్యూటరు వచ్చాక ఈ జబ్బు తగ్గలేదు. డేటాబేసు అనగానే ఏదో అనుకుంటారు గానీ, ఆ కార్డుల సొరుగే డేటాబేసు. ఎవరో ఒకరు కూర్చుని పేరు, సంవత్సరం, విషయం ఎక్కించారు. వాళ్లు ఎలా ఎక్కించారో అలాగే దొరుకుతుంది. మీరు వెతికేది పుస్తకాన్ని కాదు. ఆ పుస్తకం గురించి ఎవరో రాసిన నాలుగు ముక్కల్ని.

ఇప్పుడు మీ ఫోను తీయండి, ఫరవాలేదు తీయండి. పాత ఇంగ్లీషు పుస్తకాలు స్కాను చేసి పెట్టిన చోట బందరు కోసం వెతకాలి. ఏమని కొడతారు? మచిలీపట్నం అని కొడితే పాత కాగితాల్లో పెద్దగా ఏమీ రాదు. వాళ్లు మసూలిపటం అని రాశారు, మసూలిపట్నం అని రాశారు, బందర్ అని రెండు మూడు రకాలుగా రాశారు. కృష్ణా అన్నది ఇప్పుడు మనం రాసే స్పెల్లింగుతో ఉండదు, కె-ఐ-ఎస్-టి-ఎన్-ఎ అని ఉంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పాత పుస్తకాల్లో పొడుగు మాటలు లైను చివర రెండుగా విరుగుతాయి. మసూలి ఒక లైన్లో, పటం కింద లైన్లో. కంప్యూటరు వాటిని కలిపి చదవలేకపోవచ్చు. అందుకని సగం మాటే కొట్టి చూడండి. మసూలి అని మాత్రమే. నాకు ఇలా దొరికినవి ఎన్నో ఉన్నాయి.

ఊరి పేరు ఒక్కటే కాదు, జిల్లా కూడా మారుతుంది. 1859లో మచిలీపట్నం, గుంటూరు జిల్లాలు కలిపి కృష్ణా జిల్లా చేశారు. గుంటూరు మళ్లీ విడిపోయింది 1904లో. అంటే 1864 నాటికి రేపల్లె తీరం కూడా కృష్ణా జిల్లాలోనిదే. మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో కాదు, అప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి. ఈ మధ్యనే జిల్లాలు మళ్లీ మారాయి కదా, రేపొద్దున మన మనవళ్లకీ ఇదే తంటా.

మరి తుఫాను? సైక్లోన్ అని కొట్టేస్తారు. ఆ మాట ఎప్పుడు పుట్టింది? కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన 1848 ప్రాంతంలో తయారు చేసిన మాట అది. అంతకుముందు కాగితాల్లో సైక్లోన్ ఉండదు. స్టార్మ్ ఉంటుంది, గేల్ ఉంటుంది, హరికేన్ ఉంటుంది. 1789లో కోరంగిని ముంచిన ఉప్పెన గురించి వెతుకుతూ సైక్లోన్ అని కొడితే ఆ కాలంలో రాసింది ఒక్క ముక్కా రాదు, తర్వాతవాళ్లు రాసిందే వస్తుంది. 1864 నాటికి ఆ మాట ఉంది గానీ, ఇంకా కొత్తది. ఉప్పెనకి వాళ్లు స్టార్మ్ వేవ్ అని రాసేవాళ్లు. ఏ కాలంలో వెతుకుతున్నామో ఆ కాలం మాట కొట్టాలి. తెలుగులోనూ అంతే. తుఫాను, తుపాను, గాలివాన, ఉప్పెన, నాలుగూ కొట్టాలి. గ్రంథాలయం అన్న మాటనే థ వత్తుతో ఒకరు, ధ వత్తుతో ఒకరు రాస్తారు. ఏది ఒప్పని మనం పంచాయితీ పెట్టొచ్చు గానీ, వెతికేటప్పుడు మాత్రం రెండూ కొట్టండి.

తెలుగు పుస్తకాలకి ఇంకో కష్టం ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాలు స్కాను చేశారు, వాటిలో చాలా భాగం ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చూడొచ్చు. అంత గొప్ప పని ఇంకోటి లేదు. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఇంటిపేరుకి బదులు ఒక్క అక్షరం. గురజాడ అన్నదే జె తో ఒకచోట, జెడ్ తో ఒకచోట ఉంటుంది. కాబట్టి ఒక్కసారి కొట్టి రాలేదని వదిలేయకండి. అయిదారు రకాలుగా కొట్టండి. ఆ తర్వాతే లేదనుకోండి. అప్పుడు కూడా పూర్తిగా అనుకోకండి.

ఇప్పుడు పత్రికల సంగతి. ఆ అమ్మాయి వెంటనే అడిగింది, "1864 పేపర్లు చూద్దామా మేడం?" అని. ఏ పేపరు? హిందూ పుట్టింది 1878లో. మన బందరులో కృష్ణా పత్రిక పుట్టింది 1902లో. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1864లో వీటిలో ఒక్కటీ లేదు. లేని పేపరు కోసం ఎంతసేపు వెతికినా దొరకదు కదా! పత్రికలో వెతికే ముందు ఆ పత్రిక అప్పటికి పుట్టిందా అని చూసుకోండి. అర నిమిషం పని అది.

మరి 1864 ఎక్కడ చూడాలి? ప్రభుత్వ కాగితాలు మద్రాసులో, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో. అప్పటికే బందరులో మిషనరీలు ఉన్నారు, రాబర్ట్ నోబుల్ 1843లోనే అక్కడ బడి పెట్టాడు. వాళ్లు ఇంగ్లండుకి ఉత్తరాలు రాసేవాళ్లు, మిషనరీ పత్రికలు అలాంటివి అచ్చువేసేవి. ఇంకోటి చెప్తే ఆశ్చర్యపోతారు, ఆస్ట్రేలియా పేపర్లు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్ అని ఒక డేటాబేసు ఉంది. అక్కడి పాత పత్రికలు కోట్ల పేజీలు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, మాట కొట్టి వెతకొచ్చు. ఆ రోజుల్లో ఇండియా వార్తలు ఓడల టపాలో అక్కడికి చేరేవి, వాళ్లు అచ్చువేసుకునేవాళ్లు. మన తీరం సంగతి మన దగ్గర దొరక్క, సిడ్నీ పేపర్లో వెతకాల్సి వస్తుంది. వెతికేటప్పుడు నవంబరు దగ్గరే ఆగకండి, ఓడ చేరేసరికి డిసెంబరు, జనవరి అవుతుంది.

1977కి ఇబ్బంది లేదు, పేపర్లు ఉన్నాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ వాళ్లు పాత పత్రికలు స్కాను చేయించి ఆన్‌లైన్లో పెట్టారు. ఆంధ్రపత్రిక, కృష్ణా పత్రిక, 1924లో మొదలైన భారతి, ఇంకా చాలా ఉన్నాయి. కానీ అవన్నీ బొమ్మలు. మాట కొడితే దొరకవు. పత్రిక, సంవత్సరం, నెల ఎంచుకుని పేజీ తర్వాత పేజీ తిప్పుకోవాలి. అంటే ముందు మీకు తేదీ తెలియాలి. తేదీ పుస్తకంలో పట్టుకుని, అప్పుడు పేపరు తెరవండి. ఆన్‌లైన్లో లేని సంచికలుంటే వేటపాలెం వెళ్లండి. అక్కడ సారస్వత నికేతనం గ్రంథాలయం, 1918 నాటిది. ఇక్కణ్ణుంచి ఎంత దూరమని? పాత పత్రికల కట్టలు విప్పి చూస్తే ఆ వాసనకే సగం ప్రాణం లేచొస్తుంది.

తేదీ అన్నాను కదా, మన తెలుగువాళ్లకి తేదీలోనే పెద్ద మెలిక ఉంది. పాత పుస్తకం అట్ట వెనక 1864 అని ఉండకపోవచ్చు. రక్తాక్షి అని ఉంటుంది. 1864 ఉగాది నుంచి 1865 ఉగాది దాకా రక్తాక్షి నామ సంవత్సరం. అరవై ఏళ్లకి, 1924లో, మళ్లీ రక్తాక్షే. ఎవరైనా రక్తాక్షిలో గాలివాన అని రాస్తే ఏ రక్తాక్షి? ఒక్క పొరపాటుకి అరవై ఏళ్లు తేడా. కాగితం, అచ్చు, అందులో ఉన్న మనుషుల పేర్లు చూసి తేల్చుకోవాలి. తేలకపోతే పెద్దవాళ్లని అడగాలి.

ఇక అంకె సంగతి. ఇది నేను కాస్త నిదానంగా చెప్తాను. 1864 ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని అన్నిచోట్లా ఉంటుంది. నెట్లో ఎక్కడ చూసినా 30,000. పది చోట్ల ఉంటే పది ఆధారాలా? కాదమ్మా. ఒకళ్లని చూసి ఒకళ్లు రాసుకున్నవి పదైనా ఒకటే లెక్క. ఆ అమ్మాయికి నేను ఇదే చెప్పాను. అంకె పట్టుకుని వెనక్కి నడువు. ఈ వ్యాసం ఏ పుస్తకం చూసి రాసింది? ఆ పుస్తకం దేన్ని చూసి రాసింది? అలా వెళ్లి వెళ్లి, ఆ రోజుల్లో లెక్క రాసిన మనిషి దాకా వెళ్లు. అక్కడ నిలబడి అడుగు, నీకెలా తెలిసింది అని. మద్రాసు రాజధానిలో పద్ధతిగా జనగణన జరిగింది 1871లో. ఉప్పెన వచ్చింది 1864లో. ఎంతమంది ఉన్నారో సరిగా తెలియని ఊళ్లో ఎంతమంది పోయారో ఎలా తెలిసింది? అంకె తప్పని అనటం లేదు. ఆ అంకె వెనక ఎవరున్నారో తెలుసుకుని రాయమంటున్నాను. పోయినవాళ్లు మన మనుషులు. వాళ్ల లెక్క మనం ఆ మాత్రం శ్రద్ధగా రాయద్దా?

డబ్బు గురించి ఒక మాట. చాలామంది పిల్లలు అనుకుంటారు, మంచి డేటాబేసులన్నీ డబ్బు కట్టేవే అని. కొన్ని నిజమే. కానీ ఖర్గపూర్ ఐఐటీ వాళ్లు నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఉచితం. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలుండే శోధ్‌గంగ ఉచితం. మీ అంశం మీద ఇప్పటికే ఎవరైనా పరిశోధన చేశారేమో ముందు అందులో చూడండి. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్‌కి పేరు నమోదు చేసుకుంటే చాలు. బ్రౌన్ నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర ఉచితంగా వెతుక్కోవచ్చు. ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్లకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది. ముప్పై ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000. మీ కాలేజీ లైబ్రేరియన్‌ని అడిగారా ఎప్పుడైనా? చేతులెత్తండి. ఒకటి, రెండు... చూశారా! రేపే అడగండి. అలాంటిది ఇలాంటి పౌర గ్రంథాలయాలకీ రావాలి, ఏ కాలేజీలోనూ లేని మామూలు పాఠకుడికీ అందాలి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. మీ డబ్బుతో నడుస్తున్న చోటు ఇది. అడిగే హక్కు మీకుంది. అడగండి, గట్టిగా అడగండి.

ఇక్కడ పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకి చెప్పండి, అక్కడ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకుంటే, చాలా చోట్ల ఇంట్లో కూర్చునే పాత పత్రికల డేటాబేసులు చూడొచ్చు. ఇంకో సంగతి వాళ్లకే తెలియకపోవచ్చు. 1962 నుంచి అమెరికా వాళ్లు ఢిల్లీలో కార్యాలయం పెట్టుకుని మన భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకి పంపారు. మన దేశం గోధుమలకి కట్టిన రూపాయలతో కొన్నారు, పి.ఎల్.480 అని. అందుకని మన దగ్గర చెదలు తినేసిన తెలుగు పుస్తకం ఒక్కోసారి షికాగోలో భద్రంగా ఉంటుంది. ప్రపంచంలోని గ్రంథాలయాల ఉమ్మడి జాబితా వరల్డ్ క్యాట్‌లో కొడితే ఏ లైబ్రరీలో ఉందో చూపిస్తుంది. మన దేశంలో అయితే 1954 చట్టం ప్రకారం ప్రచురించిన ప్రతి పుస్తకం నాలుగు గ్రంథాలయాలకి చేరాలి, కలకత్తా, ఢిల్లీ, ముంబయి, చెన్నై. చెన్నైలో కన్నెమరా. అచ్చువేసినవాళ్లు అందరూ పంపారని కాదు, పంపాలన్నది చట్టం. ఉత్తరం రాసి అడగండి, లేదా మీ లైబ్రేరియన్ చేత రాయించండి.

1935లో పాతూరి నాగభూషణం గారు ఈ డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పారు. పడవ రేవులో ఆగితే పొలం పనుల నుంచి వచ్చినవాళ్లు పుస్తకాలు తీసుకునేవాళ్లు. ఇప్పుడు ఆ పడవ మన జేబులో ఉంది. కానీ రేవులో దిగి, నీకేం కావాలి బాబూ అని అడిగే మనిషి ఫోన్లో లేడు. ఆ మనిషి పై అంతస్తులో, రిఫరెన్సు బల్ల దగ్గర ఉన్నాడు. అక్కడ ఒక రిజిస్టరు ఉంటుంది. మీ ప్రశ్న అందులో రాయండి. ఇప్పటిదాకా ఎక్కడెక్కడ వెతికారో, ఏ మాటలతో వెతికారో కూడా రాయండి. దొరకనివి కూడా రాయాలి, లేకపోతే ఆయన మళ్లీ అవే చోట్ల వెతుకుతాడు, మీ కాలం, ఆయన కాలం రెండూ పోతాయి.

ఆ అమ్మాయి ఏమైందని అడుగుతారని తెలుసు. ప్రాజెక్టు ఇచ్చేసింది. కానీ ఒక ముక్క మిగిలిపోయింది. 1864లో ఏయే ఊళ్లు పోయాయి, ఊరు పేరు, ఇంటిపేర్లు, ఎవరు మిగిలారు, అది మాకు ఏ డేటాబేసులోనూ దొరకలేదు. మాన్యువల్లో దొరల సంగతులు ఉన్నాయి గానీ, మన ఇళ్ల సంగతులు అంతగా లేవు. అవి ఎక్కడ ఉంటాయి? మీ ఇళ్లలో. అటక మీద పాత పెట్టెలో. తాతల నాటి తాటాకు కట్టలో, కరణాల లెక్కల పుస్తకంలో, రామాయణం ప్రతి చివరి పేజీలో రాసుకున్న చావు పుట్టుకల్లో. రక్తాక్షి, కార్తీకం, గాలివాన, ఈ మాటలు ఎక్కడ కనపడ్డా సరే, ఆ కాగితం ఇక్కడికి తీసుకురండి. మీ దగ్గర నుంచి లాక్కోము. ఇక్కడే స్కాను చేసి, అక్కడికక్కడే మీకు తిరిగి ఇచ్చేస్తారు, నేను లైబ్రేరియన్ గారితో మాట్లాడాను. ఆదివారం పది గంటల నుంచి నేను కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటాను.